జర్మన్‌కి కట్టుడు పళ్ళు

మా వీధిలో నన్ను పళ్ళ మేస్త్రి అంటారు. పళ్ళు పీకేది డాక్టర్లు, పీకిన చోట కట్టేది నేను. పాతికేళ్ళుగా ఇంటి ముందుగదే నా పనిగది. ఒక బల్ల, మైనం కరిగించే దీపం, ప్లాస్టర్ పిండి డబ్బా, సానరాళ్ళు, గోడ అరల నిండా జనం నోళ్ళ నుంచి తీసిన దవడ అచ్చులు. మా ఆవిడ చీపురు పట్టుకుని ఆ గదిలోకి వచ్చినప్పుడల్లా, ఇంతమంది నోళ్ళు తెరుచుకుని చూస్తుంటే ఊడవబుద్ధి కాదంటుంది.

కొత్త పళ్ళు నోట్లో పెట్టాక ఎవరి చేతనైనా రెండు ఇంగ్లీషు అంకెలు చెప్పిస్తాను. ఫిఫ్టీ ఫైవ్ అన్నప్పుడు పై పళ్ళ అంచు కింది పెదవికి తగలాలి. సిక్స్టీ సిక్స్ అన్నప్పుడు పై వరసకీ కింది వరసకీ మధ్య వెంట్రుకవాసి సందు మిగలాలి. సందు ఎక్కువైతే మాటలో ఈల వస్తుంది, తక్కువైతే పళ్ళు టకటకలాడతాయి. నాకు పని నేర్పినాయన అలాగే చెప్పించేవాడు, నేనూ అదే పట్టుకున్నాను. ఆ రెండు అంకెలూ సరిగ్గా పలికితే పళ్ళు కుదిరినట్టే లెక్క.

టీచరుగారు వచ్చిన రోజు కూడా అవే చెప్పించాను. డెబ్బైకి దగ్గరపడ్డ మనిషి. సన్నగా, నిటారుగా ఉంది. నోటికి రుమాలు అడ్డం పెట్టుకుని, డాక్టరు రాసిచ్చిన చీటీ, ఒక సబ్బుపెట్టె నా బల్ల మీద పెట్టింది. సబ్బుపెట్టెలో ఇంకెవరో చేసిన పై పళ్ళ సెట్టు ఉంది. పెట్టుకుని చెప్పమన్నాను. రెండు అంకెలూ అద్దంలా పలికింది. ఇందులో నేను బాగుచేయడానికి ఏముందని అడిగాను.

"తెలుగుకీ ఇంగ్లీషుకీ వంకలేదు మేస్త్రిగారూ. నాకు జర్మన్‌కి కావాలి," అంది.

నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు. అప్పుడు కుర్చీ జరిపి, కూర్చుని చెప్పమన్నాను.

ఆవిడ కాగితం మిల్లు స్కూల్లో ఇంగ్లీషు చెప్పేదట. చిన్నప్పటి నుంచీ హాస్టళ్ళలో ఇంగ్లీషు చదువే చదవడంతో నోరంతా ఇంగ్లీషుకి అలవాటు పడిపోయింది. మిల్లుకి కొత్త యంత్రం వచ్చినప్పుడు దాన్ని బిగించడానికి ఒక జర్మన్ మెకానిక్కు వచ్చాడు. అతనికి ఇంగ్లీషు వచ్చనుకుని మేనేజరు ఈవిడని దుబాసీగా పంపాడు. తీరా చూస్తే అతనికి వచ్చిన ఇంగ్లీషు బోల్టు, నట్టు, నో ప్రాబ్లం. ఆరు నెలల పనికి వచ్చినవాడు నలభై ఏళ్ళు ఉండిపోయాడు. పెళ్ళి చేసుకున్నారు. కూరగాయల బేరానికి సరిపడా తెలుగు ఆయన నేర్చుకున్నాడు, ఇంట్లో మాట్లాడుకోవడానికి జర్మన్ ఈవిడ నేర్చుకుంది. పిల్లలు లేరు. మిల్లు చుట్టుపక్కల అందరూ ఆయన్ని దొర అనేవారు.

చక్కెర జబ్బు దొర కళ్ళని తినేసింది. కిటికీ ఎటుందో, గోడ ఎటుందో తెలుస్తుంది, అంతే. రెండేళ్ళ కిందట పక్షవాతం వచ్చింది. లేచేసరికి తెలుగు పోయింది, ఇంగ్లీషు పోయింది, తల్లి దగ్గర నేర్చుకున్నది మాత్రం మిగిలింది. అప్పటి నుంచీ ఆయనకి లోకమంటే ఈవిడ గొంతే. ఇంతలో ఈవిడ చిగుళ్ళు చెడిపోయి డాక్టరు పై పళ్ళన్నీ తీసేశాడు. మూడు నెలలు బోసినోటితో మాట్లాడింది. ఆ మూడు నెలల్లో ఎప్పుడో ఒకరోజు దొర, ఎవరండీ మీరు అని అడిగాడట.

"పళ్ళు పెట్టించుకుంటే సర్దుకుంటుందనుకున్నాను," అంది. "పెట్టించుకున్నాను. అయినా అదే మాట. ఎవరో ఆవిడ వచ్చింది, మా ఆవిడని పిలవండి అంటాడు. చెయ్యి పట్టుకోబోతే వెనక్కి తీసుకుంటాడు. పరాయి ఆడదాన్ని కదా."

నీళ్ళు పోసేదీ, తినిపించేదీ అంతా పనికి పెట్టుకున్న ఆయమ్మేనట. టీచరుగారు పక్కగదిలో కూర్చుని వింటుందట.

ఆ మాట విన్నాక నాకు రాదని చెప్పడానికి నోరు రాలేదు. జర్మన్ మాటలు నాలుక ఎక్కడ పెట్టి పలకాలో చెప్పమన్నాను. మా పనిలో ఏ అక్షరమైనా నాలుకో, పెదవో ఎక్కడో ఒకచోట తగలడమేగా. ఆ తగిలే చోటు తెలిస్తే అక్కడ గీకడమో, అతకడమో చేయొచ్చు.

ఆవిడ పాఠం చెప్పింది. టీచరు కదా, చెప్పడం మొదలుపెడితే మొహమే మారిపోయేది. అక్షరాలన్నీ ఇంగ్లీషువే, అక్కడే మోసం మేస్త్రిగారూ, అనేది. డబ్ల్యూ కనబడితే ఇంగ్లీషు నోరు సున్నా చుడుతుంది, వాళ్ళకది మన వ. వీ కనబడితే ఫ అనాలి. తండ్రిని రాసేది వీతో, పిలిచేది ఫాటర్ అని. జెడ్‌తో ఆవిడ ఏళ్ళ తరబడి తంటాలు పడిందట. జెడ్ కనబడితే చాలు ఈవిడ నోరు తేనెటీగలా జుమ్మనేది. ఒకరోజు దొర మార్కెట్టు నుంచి వచ్చి, నువ్వు రోజూ చలి అంటావు కదా, అదే మా జెడ్ అన్నాడట.

"చలి, చాప, చుట్ట, అని చూడండి. నాలుక కొస పళ్ళ వెనకే తడుతుంది. ఇప్పుడు చీమ అనండి. వెనక్కి పోయింది కదా?"

నేను అన్నాను. నిజమే. యాభై రెండేళ్ళుగా ఆ రెండు చ-లూ పలుకుతున్నాను, అవి వేరు వేరని తెలియదు. నోళ్ళలో చేతులు పెట్టి బతికేవాణ్ణి, నాకే తెలియదు.

అన్నిటికన్నా కష్టం సీ హెచ్. అది రెండు రకాలు. ఒకటి గొంతులో ముల్లు గుచ్చుకుంటే కక్కినట్టు ఉంటుంది. రెండోది మెత్తనిది. నాలుక నడుము అంగిలి దాకా లేవాలి, తగలకూడదు, ఆ సందులోంచి గాలి బుస్సుమని పోవాలి, కోపమొచ్చిన పిల్లి బుసలాగా. మనం నేను అనే చోట వాళ్ళు ఇహ్ అంటారు. ఆ హ్ అదే. ఈవిడకి మాత్రం అది ఏనాడూ రాలేదట. ఇంగ్లీషు నోరు సీ హెచ్ చూస్తే చ అంటుంది, లేకపోతే క అంటుంది. నలభై ఏళ్ళూ ఆవిడ ఇక్ అంటూనే ఉంది, నలభై ఏళ్ళూ దొర దిద్దుతూనే ఉన్నాడు. భోజనానికి పిలిచిన వాళ్ళ ముందు కూడా దిద్దేవాడట. అప్పుడు మాత్రం ఒళ్ళు మండేదంది.

నా ఇంగ్లీషు అంకెల బదులు జర్మన్ అంకెలు చెప్పించడం మొదలుపెట్టాం. వాళ్ళ అరవై ఆరు వింటే మీరు నమ్మరు. జెక్స్ ఉంట్ జెహ్‌చిహ్. మొదట్లో తేనెటీగ, తర్వాత క్స్, ఆ వెనకే పిల్లి బుస, దాని పక్కనే చలిలో చ, చివర మళ్ళీ బుస. పళ్ళు పరీక్షించడానికి దేవుడే తయారుచేసినట్టుంది. పగలంతా పని చేసుకుంటూ అదే సాధన చేసేవాణ్ణి. మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి, ఏమండీ, ఆ ప్లాస్టర్ దవడల మీద బుసలు కొడుతున్నారేమిటి, అవేం చేశాయి మిమ్మల్ని అని అడిగింది.

పాత సెట్టు పక్కన పెట్టి కొత్తది మొదలుపెట్టాను. మైనంలో పళ్ళు గుచ్చి, ఆవిడ నోట్లో పెట్టి, చెప్పించి, తీసి, ముందు పళ్ళని అర మిల్లీమీటరు లోపలికి జరిపి మళ్ళీ పెట్టేవాణ్ణి. ముందుపళ్ళ వెనక పలక మందంగా ఉంటే నాలుకకి చోటు చాలదు, గీకేశాను. అయినా బుస దగ్గర నాలుక దారి తప్పేది. అంగిలంతా నున్నటి ప్లాస్టిక్కు, నాలుకకి గుర్తులు లేవు. డాక్టరు దగ్గర ఆవిడ పళ్ళు తీయకముందు తీసిన అచ్చు దొరికింది. పళ్ళ వెనక అంగిలి మీద మనందరికీ ముడతలుంటాయి, ఒకరివి ఒకరికి ఉండవు. ఆ అచ్చు చూసి ఆవిడ ముడతలే మైనంలో చెక్కాను. నాలుగు రోజులు పట్టింది. ఎవరూ చూడని చోట నేను చేసిన పనుల్లో అంత మంచి పని ఇంకోటి లేదు.

ఆవిడ కూడా ఊరికే కూర్చోలేదు. చేతి అద్దం పట్టుకుని ఇంట్లో సాధన చేసేది. ఆరోసారి వచ్చినప్పుడు కుర్చీలో కూర్చుని, అద్దం చూసుకుంటూ, ఇహ్ అంది. ఆగింది. మళ్ళీ ఇహ్ అంది. అచ్చం పిల్లి బుస, మెత్తగా, తేలిగ్గా. నలభై ఏళ్ళు రానిది వచ్చేసింది. ఇన్నాళ్ళూ ఎలాగో గడిచిపోయింది కాబట్టి నాలుక బద్ధకించింది, ఇప్పుడు కొత్త నోటితో అన్నీ మొదటి నుంచి నేర్చుకునేసరికి అదీ వచ్చింది. చెయ్యి అడ్డం పెట్టుకుని ఆడపిల్లలా నవ్వింది. మా ఆవిడ టీ తెచ్చి ఇస్తే, ఆ కప్పు చేత్తో పట్టుకునే పదిసార్లు ఇహ్ అంది. టీ చల్లారిపోయింది.

"ఆయన వింటే ఏమంటాడో," అంది.

వారం తర్వాత అసలు సెట్టు తయారైంది. ఎక్కడైనా అరగదీయాల్సి వస్తుందేమోనని చిన్న సానరాయి జేబులో వేసుకుని నేను కూడా వాళ్ళింటికి వెళ్ళాను. మిల్లు వెనక వీధిలో మేడమీద రెండు గదులు. మంచం కిటికీ పక్కన వేసి ఉంది. మంచం కోడు నుంచి స్నానాలగది తలుపు దాకా ఒక తాడు కట్టారు, దొర పట్టుకుని నడవడానికి. ఆ తాడు మధ్యలో చేతి మురికికి నల్లగా నిగనిగలాడుతోంది. దొర భారీ మనిషి, వంగిపోయాడు. చొక్కా గుండీలు మెడ దాకా పెట్టుకుని దిండుకి ఆనుకుని కూర్చున్నాడు. ఆయమ్మ గిన్నె తీసుకుని లోపలికి వెళ్ళింది.

టీచరుగారు గుమ్మం దగ్గర నిలబడింది. బజారు నుంచి వచ్చిన ప్రతిసారీ అక్కడే నిలబడి చెప్పే మాట ఒకటుందట, నేనే వచ్చాను అని. ఇహ్ బిన్ ఎస్. ఆ మాటే చెప్పింది. తర్వాత ఇంకో నాలుగైదు మాటలు మాట్లాడింది. ఒక్క అక్షరం తొణకలేదు.

దొర తల పక్కకి వంచి విన్నాడు. మొహం విప్పారింది. ఆయన మర్యాదగా, నెమ్మదిగా ఏదో చెప్పాడు. మధ్యలో చిన్నగా నవ్వాడు కూడా. ఆవిడ మొహంలో నవ్వు అలాగే ఉండిపోయింది, కళ్ళు మాత్రం మారిపోయాయి.

వంటింట్లోకి వచ్చాక నాకు తెలుగులో చెప్పింది.

"మీరు చాలా చక్కగా మాట్లాడుతున్నారు, మీది ఏ ఊరండీ అని అడిగాడు. మా ఆవిడ బజారుకి వెళ్ళింది, వచ్చేస్తుంది, కూర్చోండి అన్నాడు. మీరు అన్న ఆ ఇహ్ మా ఆవిడకి ఇప్పటికీ రాదు, కాస్త నేర్పి పెట్టండి అన్నాడు."

ఆ ముడతలు గీకేస్తానమ్మా, ఇప్పుడే తీసెయ్యనా అన్నాను. జేబులో చెయ్యి కూడా పెట్టాను. ఆవిడ తల అడ్డంగా ఊపి మళ్ళీ ఆ గదిలోకి వెళ్ళింది. ఈసారి పాత పద్ధతిలో అంది. ఇక్ బిన్ ఎస్. కానీ తెలియక తప్పు పలకడం వేరు, కావాలని పలకడం వేరు. జర్మన్ రాని నాకే ఆ తేడా వినబడింది. దొర మొహం ఎర్రబడింది. మంచం అంచు మీద అరచేత్తో కొట్టాడు. ఆయన ఏమన్నాడో ఆవిడ నాకు చెప్పలేదు. రెండు వారాల తర్వాత బజారులో కనబడి ఆయమ్మ చెప్పింది, అమ్మగారు ఆ మాట చెప్పుకుని ఏడ్చారండీ అని. మా ఆవిడని వెక్కిరిస్తున్నారా అని దొర అన్నాడట.

ఆ రోజు ఇంటికి వచ్చి అన్నం ముందు కూర్చుని లేచిపోయాను. మా ఆవిడ అడిగితే, పళ్ళు మరీ బాగా కుదిరాయి అన్నాను.

తర్వాత టీచరుగారు ఒక నిర్ణయానికి వచ్చింది. పరాయిదానిగానే ఉండిపోవాలని. రోజూ సాయంత్రం చీర మార్చుకుని, వీధి తలుపు చప్పుడు చేసి లోపలికి వచ్చి, మంచానికి రెండు మూరల దూరంలో కుర్చీ వేసుకుని కూర్చునేది. వాళ్ళ భాషలో కూడా మనలాగే మీరు, నువ్వు ఉన్నాయట. ఆయన మీరు అంటాడు, ఈవిడా మీరు అంటుంది. చూడటానికి వచ్చిన ఆవిడతో మాట్లాడటం దొరకి ఇష్టంగానే ఉండేది. ఏం మాట్లాడతాడు, ఎంతసేపూ పెళ్ళాం గురించే.

చిగుళ్ళు ఒరుసుకుంటే సరిచేయించుకోవడానికి ఆవిడ నా దగ్గరికి వచ్చేది, అప్పుడప్పుడు చెప్పేది. పెళ్ళికి ముందు ఆవిడ గొడుగు మిల్లులో మర్చిపోతే, తిరిగివ్వకుండా ఏడాది దాచుకున్నాడట. అది ఆవిడకి ఇన్నేళ్ళూ తెలియదు. ఆవిడ వంట నచ్చేది కాదట, అదీ తెలియదు. మా ఆవిడ ఇంకా రాలేదేమిటి అని రోజూ అడిగేవాడట. ఒకరోజు, నేను పదిమందిలో తన మాటలు దిద్దేవాణ్ణి, అందుకే కోపం వచ్చి వెళ్ళిపోయి ఉంటుంది అన్నాడట.

"కోపం లేదని చెప్పాను," అంది టీచరుగారు. "మీకు తన సంగతి తెలియదు, కోపం వచ్చినా పైకి చెప్పదు అన్నాడు."

నా చేతిలో ఆవిడ పళ్ళున్నాయి. బోసినోటితో ఆ మాట చెబుతుంటే సగం అక్షరాలు గాలికి పోయాయి. నేను తల ఎత్తకుండా అరగదీస్తూ కూర్చున్నాను.

పదకొండు వారాలు అలా గడిచాయి. పన్నెండో వారంలో ఎడమ పక్క చిగురు పుండైందని ఫోన్ చేసింది. రేపు వస్తాను, ఎల్లుండి వస్తాను అని వాయిదా వేస్తుంటే, ముదిరితే పళ్ళు పెట్టుకోవడమే కుదరదు, ఇవాళ మూడింటికల్లా రావాల్సిందే అని నేనే గట్టిగా చెప్పాను. వచ్చింది. పని ముప్పావుగంట పట్టింది. ఆవిడ తిరిగి వెళ్ళి మెట్లెక్కేసరికి ఆయమ్మ గుమ్మంలో కూలబడి ఉంది. దొర పోయాడు.

ఆ ముప్పావుగంటలో ఆయన పిలిచాడట. ఆయమ్మ వంటింట్లో గిన్నెలు తోముతోంది. నీళ్ళ చప్పుడులో మొదట వినబడలేదు. ఒకే మాట పదే పదే అంటున్నాడని చెయ్యి తుడుచుకుంటూ వచ్చేసరికి గొంతు తగ్గిపోయింది. ఏమన్నాడు అంటే ఆయమ్మ తనకి వచ్చినట్టు పలికి చూపించింది. టిష్ అన్నారమ్మా అంది. ఇంకోసారి అడిగితే డిష్ అంది.

ఆ రెండూ రెండు మాటలట. టిష్ అంటే బల్ల. మంచం పక్కన బల్ల మీద నీళ్ళ గ్లాసు ఉంటుంది, ఆయనకి అందదు. రెండో మాటలో చివర ష్ కాదు, ఆ పిల్లి బుసే ఉంటుంది. డిహ్ అంటే నిన్ను. చూడటానికి వచ్చే ఆవిడతో ఆయన ఎప్పుడూ అలా అనలేదు. నిన్ను అన్నాడంటే పెళ్ళాన్నే పిలిచినట్టు. బుస ఆయమ్మ నోటికి రాదు. వచ్చినా, నీళ్ళ చప్పుడులో ఏది విందో ఎవరికి తెలుసు.

టీచరుగారు మూడు రోజులు ఆయమ్మని ఎదురుగా కూర్చోబెట్టుకుని పలికించింది. ఇలా అన్నాడా, ఇలాగా అని రెండూ పలికి వినిపించేది. ఆయమ్మ ఒకసారి ఇది అనేది, ఒకసారి అది అనేది. చివరికి, నాకు తెలీదు అమ్మగారూ, నన్ను వదిలెయ్యండి అని కాళ్ళు పట్టుకుని ఏడ్చింది. అప్పుడు ఆపేసింది.

ఇదంతా నాకు ఆవిడే చెప్పింది, ఏడాది తిరిగాక. చిగుళ్ళు కరిగి పళ్ళు వదులైతే వచ్చింది. లోపల కొత్త పొర వేసి ఇచ్చాను. ఆ రోజు నేను గట్టిగా పిలవకుండా ఉంటే బాగుండేదమ్మా అన్నాను. ఏడాదిగా గొంతులో పెట్టుకున్న మాట అది. పుండు మీది కాదు కదా మేస్త్రిగారూ, అంది.

రుమాలు మడిచి సంచిలో పెట్టుకుంది. ఇంట్లో ఇప్పుడు జర్మన్ మాట్లాడటానికి ఎవరూ లేరంది. చెల్లెలు తన దగ్గరికి వచ్చి ఉండమంటోందట, వెళ్ళాలా వద్దా అని చూస్తోంది. లేచి గుమ్మం దాకా వెళ్ళి ఆగింది.

"ఏమన్నాడో నేనే ఒక్కోరోజు ఒక్కోటి అనుకుంటాను," అంది. "బల్ల అన్నాడనుకున్న రోజు నిద్ర పడుతుంది."